పిన్ని నడక

బొత్తాలు కుట్టే పిన్ని గోతిలో పడటం బస్సు దిగిన ఆడవాళ్లంతా చూశారు. చూసి కూడా చాలామంది ఆగలేదు. సైరన్ మోగేలోపు ఫ్యాక్టరీ గేటు దాటకపోతే ఆ రోజుకి పని లేదు, ఇంకోసారి ఆలస్యమైతే అసలు పనే లేదు. పిన్నిని పైకి లాగడానికి ఆగిన ఇద్దరినీ వాచ్‌మన్ గేటు దగ్గరినుంచే వెనక్కి పంపేశాడు. రోడ్డు కాంట్రాక్టరు మనిషి మాత్రం గోతి అంచున నిలబడి, "కళ్లు నెత్తిన పెట్టుకుని నడిస్తే ఇంతే," అని నవ్వాడు.

రోడ్డు వెడల్పు చేస్తామని తవ్విపడేసి నెలలైంది. గోతికి కంచె లేదు. పక్కన మూరెడు బురద దారి, దాన్ని ఆనుకుని కంకర గుట్టలు. ఊళ్లనుంచి ఆడవాళ్లను తెచ్చే బస్సు తవ్వకం అవతలే ఆగిపోతుంది. అక్కణ్నుంచి పరుగే. సైరన్ యజమానిది, గొయ్యి కాంట్రాక్టరుది, ఆలస్యం మాత్రం ఆడవాళ్లది!

ఆ పరుగులో అందరికన్నా ముందుండేది కాలర్లు కుట్టే అమ్మాయి. జింక అని ఏడిపిస్తారు. ఆమెను పరిగెత్తించేది భయం. మొగుడు మంచం పట్టాడు. ఆమె పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

మర్నాడు పిన్ని కాలికి కట్టుతో, చేతికర్రతో బస్సెక్కింది.

"ఈ కాలుతో ఎందుకొచ్చావు పిన్నీ?"

"రాకపోతే నా చోట ఇంకొకర్ని కూర్చోబెడతారు కదమ్మా."

ఇస్త్రీ చేసే అక్క లేచి నిలబడింది. "ఇవాళ ఎవరూ పరిగెత్తొద్దు. పిన్ని ముందు నడుస్తుంది. ఆమెను ఎవరూ దాటొద్దు."

"నీకేం, ఎన్నయినా చెబుతావు! పని పోతే నువ్వు పెడతావా తిండి?" వెనక సీటులోంచి ఒకామె అంది.

"ఒకరు పోతే ఇంకొకర్ని తెచ్చుకుంటారు. బస్సెడు మందిని ఎక్కణ్నుంచి తెస్తారు? మనం లేకుండా ఆ మిషన్లు వాటంతటవే కుడతాయా?"

"పోలీసుల్ని పిలిస్తే?" అంది జింక.

"నాకూ భయంగానే ఉందే," అంది అక్క.

బస్సు దిగారు. పిన్ని కర్ర బురదలో దిగబడుతోంది, లేస్తోంది. వెనక అందరూ. సైరన్ మోగింది. పరిగెత్తమని జింక కాళ్లు పోరుతున్నాయి. ముందున్న అక్క కొంగు పట్టుకుని కాళ్లను ఆపుకుంది.

గేటు మూసేశారు. లోపల ఒక్క మిషనూ చప్పుడు చెయ్యడం లేదు. మేనేజరు బయటికొచ్చి అందరినీ చూశాడు. జింక దగ్గర ఆగాడు.

"నువ్వెప్పుడూ ఆలస్యం చెయ్యలేదు కదా. నువ్వు లోపలికి రా. నీ పనికి ఢోకా లేదు."

వాచ్‌మన్ గేటు ఒక మనిషి పట్టేంత తెరిచాడు. మంచంలో ఉన్న మొగుడు కళ్లముందు మెదిలాడు. జింక గేటులోకి అడుగు వెయ్యలేదు.

"గోతికి... కంచె కట్టించండి సార్. బస్సు ఆలస్యానికి మా మీద గేటు మూయొద్దు. అప్పుడు అందరం వస్తాం."

మేనేజరు ఫోను తీశాడు. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది.

"వీళ్లని నడిపించిందెవరు?" ఇన్‌స్పెక్టరు అరిచాడు. అందరికన్నా ముందు పిన్ని నిలబడి ఉంది. అతను ఆమె జబ్బ పట్టుకున్నాడు.

"నేనే!"

ఆ కేక తన గొంతులోంచే వచ్చిందని జింకకు క్షణం ఆగిగానీ తెలియలేదు.

జీపు ఆమెను ఎక్కించుకుని అదే రోడ్డు పట్టింది. ఇంకో దారి లేదు మరి. ఒక చక్రం బురదలో, ఒక చక్రం కంకరమీద. లోపలినుంచి జింక భయపడుతూనే వెనక్కి తిరిగి చూసింది. అందరూ వస్తున్నారు. పిన్ని ముందు, మిగతావాళ్లు వెనక.

"తొందరగా పోనీవయ్యా!" ఇన్‌స్పెక్టరు డ్రైవరుమీద విసుక్కున్నాడు.

"ఎక్కడుంది సార్ రోడ్డు?"

అప్పటికే పిన్ని జీపు వెనక కడ్డీ పట్టుకుంది.