వంటింట్లో తొమ్మిదో లైటు

నిచ్చెన మీద నిలబడ్డ సత్యానందం దగ్గర ఆ పూట ఉన్నవి నాలుగు. జేబులో టెస్టరు, చేతిలో కటింగ్ ప్లేయరు, పెదాల మధ్య రెండు స్క్రూలు, నాలుగోది పేరు. వైరింగులో తప్పు చేయడన్న పేరు. మొదటి మూడూ ఏ కొట్లోనైనా దొరుకుతాయి. దాదాపు ముప్ఫై ఏళ్లుగా ఏలూరులో అతనికి గిరాకీ తెచ్చిపెట్టింది నాలుగోదే.

వట్లూరులో శ్రీరంగనాయకులు గారి ఇల్లు అది. ఏలూరు వన్‌టౌన్‌లో ఆయనకు పప్పుల హోల్‌సేల్ కొట్టుంది. ఇంట్లో తొమ్మిది ట్యూబ్‌లైట్లు. అన్నీ తీసేసి ఎల్‌ఈడీలు బిగించాలి. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెడితే భోజనాల వేళకి ఆరు పూర్తయ్యాయి.

సత్యానందానికి అరవై ఒకటి. సన్నటి మనిషి. కుడిచేతి బొటనవేలి గోరు నిలువునా చీలి రెండు ముక్కలుగా పెరిగింది. నిచ్చెన మెట్టుకి ఎడమ మోకాలు ఆనించి బరువంతా దాని మీదే వేస్తాడు. అతని పని పద్ధతి మారదు. ముందు మెయిన్ ఆపుతాడు. ఒక్క స్విచ్చు ఆపితే సరిపోయే పనికి కూడా ఇల్లంతా కరెంటు తీసేస్తాడు, ఇంట్లోవాళ్లు విసుక్కున్నా వినడు. ట్యూబును పావుచుట్టు తిప్పి దించి, కింద నిలబడ్డ ఆ ఇంటి కోడలు నిహారిక చేతికిస్తాడు. ట్యూబు బిగించే పట్టీ విప్పితే వెనకనుంచి బల్లిగుడ్ల పెంకులు, పురుగుల రెక్కలు, సున్నం పొట్టు రాలతాయి. గోడ మీద పాత రంగు పొడుగ్గా బయటపడుతుంది.

విప్పిన చోకులు గుమ్మం పక్కన వరసగా పెట్టాడు. అతని బతుకు ఆ ఇనప దిమ్మల మీదే నడిచింది. స్టార్టరు ఏడాదికోసారి పోయేది. చోకు మూడు నాలుగేళ్లకి మాడేది. ఏది పోయినా కబురొచ్చేది. వెళ్లినవాడికి ఫ్యాను రెగ్యులేటరో, మోటారు కెపాసిటరో ఇంకో పని కంటపడేది. ఎల్‌ఈడీకి చోకూ లేదు, స్టార్టరూ లేదు. పోతే పారేసి ఇంకోటి తెచ్చుకుంటారు. అంటే ఇవాళ బిగించే ఒక్కో లైటుతో ఈ ఇంటికి మళ్లీ వచ్చే దారి ఒకటి మూసుకుపోతోంది. తను బిగించకపోతే ఇంకొకడు బిగిస్తాడని కూడా అతనికి తెలుసు.

"మీ గిరాకీ మీరే చెడగొట్టుకుంటున్నారు కదండీ," అన్నారు నాయకులు గారు మడతకుర్చీలోంచి.

"వ్యాపారస్తులు, మీకు తెలియనిదేముందండి. జనం కందిపప్పు మానేసి పెసరపప్పు అడిగితే మీరు కొట్టు మూసుకుంటారా?"

నాయకులు గారు పొట్ట కదిలేలా నవ్వారు.

ఈ ఇల్లు సత్యానందం సొంతంగా ఒప్పుకున్న మొదటి ఇల్లు. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట. దీన్ని చూసి ఈ వీధిలో నలుగురు పిలిచారు, ఆ నలుగురిని చూసి ఊళ్లో నలభై మంది. వచ్చే నెలలో మేడ మీద వేసే రెండు గదుల వైరింగు కూడా అతనిదేనని పొద్దునే మాటయింది. చోకులు పోయాక అతను ఆశపెట్టుకున్నది అలాంటి పనుల మీదే.

ఆఖరికి వంటిల్లు మిగిలింది. నడిమి గది కావడంతో పగలు కూడా అక్కడ లైటు ఉండాల్సిందే. నాయకులు గారి భార్య లలితకుమారి పొయ్యి మీద గిన్నెలు తీసి చోటిచ్చారు. తొమ్మిదో లైటు బిగించి, మెయిన్ వేసి, స్విచ్చు నొక్కాడు. గది తెల్లగా వెలిగింది. ఆపాడు.

"అంకుల్, ఆపినా వెలుగుతోందండీ," అంది నిహారిక.

నిజమే. లైటు పాలిపోయిందే తప్ప ఆరలేదు. పీసు తేడా అయి ఉంటుంది, గ్యారంటీ ఉంది కాబట్టి మార్చుకొద్దామన్నారు నాయకులు గారు. ఎల్‌ఈడీలు కొన్ని అంతేనని ఎక్కడో చదివానంది నిహారిక. అవునండి అంటే పని అక్కడితో ముగిసేది.

సత్యానందం ఈసారి మెయిన్ ఆపలేదు. స్విచ్చు ఒక్కటే ఆపి ఉంచి, నిచ్చెనెక్కి లైటు వైరుకి టెస్టరు ఆనించాడు. టెస్టరు వెలిగింది.

స్విచ్చు ఉండాల్సింది కరెంటు వచ్చే ఫేజు వైరు మీద. ఇక్కడ తిరిగి వెళ్లే న్యూట్రల్ మీద ఉంది. అలా ఉంటే స్విచ్చు ఆపినా లైటు దాకా కరెంటు వచ్చి నిలబడే ఉంటుంది. ట్యూబ్‌లైటు మామూలుగా ఆరిపోయి ఆ సంగతి దాచేస్తుంది. ఎల్‌ఈడీ దాచలేదు. దిగి స్విచ్చు బోర్డు విప్పి చూశాడు. లోపల రెండూ నల్లవైర్లే. అప్పుడు గుర్తొచ్చింది, ఇల్లు కట్టినప్పటి ఆ రాత్రి. మర్నాడు తెల్లవారుజామున గృహప్రవేశం. పాలు పొంగించే వేళకి వంటింట్లో లైటు వెలగాలని నాయకులు గారి తల్లి పట్టుబట్టింది. ఫేజుకి వాడే ఎర్రవైరు అయిపోయింది, కొట్లు కట్టేశారు. ఉన్న నల్లవైరే రెండు వరసలూ లాగేశాడు, ఆ తొందరలో ఫేజూ న్యూట్రలూ తారుమారయ్యాయి. పాలు పొంగాయి. తర్వాత ఎర్రవైరు వేయాలనుకున్నవాడు మరిచిపోయాడు.

అంతటితో పోతే అదొక మరిచిపోయిన పని. కానీ పదమూడేళ్ల కింద లలితకుమారి స్విచ్చు ఆపి, స్టూలెక్కి, తడిగుడ్డతో ఆ పట్టీ తుడవబోయి షాకు కొట్టి పడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది. ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేరు. ముందురోజు ఆ లైటుకి చోకు మార్చింది విశ్వాసం అనే అతను. సత్యానందంతో ఎనిమిదేళ్లు కలిసి పనిచేసినవాడు. వైరుకి టేపు సరిగా చుట్టి ఉండడని సత్యానందమే అన్నాడు. ఒకసారి స్విచ్చు వైపు కూడా చూడమని విశ్వాసం అడిగాడు. తన వైరింగు తను పరీక్షించుకోవడమేమిటని సత్యానందం చూడలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా మెయిన్ ఆపే ముట్టుకున్నాడు గనక తెలియనూ లేదు. విశ్వాసాన్ని మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. కైకలూరు అవతల చేపల చెరువుల దగ్గర మోటార్లు బాగుచేసుకోవడానికి వెళ్లిపోయాడు.

సత్యానందం టెస్టరు జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మగారూ, తేడా లైటులో లేదండి. నా వైరింగులో ఉంది. మీ చెయ్యి విరిగింది నా వల్లనండి. విశ్వాసం వల్ల కాదు."

ఎలా జరిగిందో అంతా చెప్పాడు.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదండీ," అన్నారు నాయకులు గారు.

"తెలిసేది కాదండి."

"మరి?"

"ఆ నింద ఇంకొకడి మీద ఉందండి."

లలితకుమారి కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని నిలబడ్డారు. "అతనికి చెప్పండి. ఇప్పుడే. నేనూ మాట్లాడతాను. ఆరోజు వాకిట్లో నిలబెట్టి నేనన్న మాటలు నాకు గుర్తున్నాయి," అన్నారు.

సత్యానందం పవర్‌పేటలో మోటార్లకు తీగ చుట్టే కొట్టుకి ఫోన్ చేసి నంబరు తీసుకున్నాడు. ఆ నంబరుకి విశ్వాసం భార్య పుష్పమ్మ పలికింది.

"సత్యానందాన్నమ్మా. విశ్వాసం ఉన్నాడా?"

"ఆయన పోయి మొన్న క్రిస్మస్‌కి ఏడాదైంది అన్నయ్యా. చెరువు గట్టు మీదే, గుండె ఆగి. మీకెవరూ చెప్పలేదా?"

లేదన్నాడు. చెప్పాల్సింది ఆమెకే చెప్పాడు.

"స్విచ్చే అయి ఉంటుందని ఇంట్లో అంటూనే ఉండేవారు," అంది పుష్పమ్మ. "నేనే నమ్మలేదు అన్నయ్యా. మీ పనిలో తప్పుండదని నేనే ఆయన్తో వాదించేదాన్ని."

లలితకుమారి ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లారు. వాళ్లేం మాట్లాడుకున్నారో అతను వినలేదు. మెయిన్ ఆపి, బోర్డులో వైర్లు అటూ ఇటూ మార్చాడు. తర్వాత వచ్చేవాడు పొరపడకుండా ఫేజు వైరుకి గుర్తు పెట్టాలి. సంచీలో ఎర్ర టేపు లేదు. సంగతి విని నిహారిక తన గదిలోంచి గోళ్లరంగు సీసా తెచ్చింది. దాంతో పూశాడు. మెయిన్ వేసి స్విచ్చు నొక్కితే లైటు వెలిగింది, ఆపితే వంటిల్లు పూర్తిగా చీకటైంది.

మేడ గదుల సంగతి ఆలోచించి చెబుతామన్నారు నాయకులు గారు. గొంతులో కోపం లేదు. సత్యానందం అలాగేనండి అని నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. ఆ మాటకి అర్థం ఇద్దరికీ తెలుసు.

ఇరవై ఎనిమిదేళ్లుగా ఉన్న ఇల్లొకటి అతని చేతిలోంచి జారిపోయింది. బదులుగా వచ్చింది ఇంతే: ఇకమీద ఆ ఇంట్లో ఎవరైనా స్విచ్చు ఆపి వంటింటి లైటు తుడుచుకోవచ్చు. బోర్డు మూత వెనక, నల్లవైరు మీద రెండంగుళాల మేర ఎర్ర గోళ్లరంగు ఇంకా తడిగానే ఉంది.