కారు నడిపిందెవరు

విల్ఫ్ హెప్‌వర్త్ పోయి మూడు వారాలయినా, జానిస్ ఓల్డ్‌రాయిడ్ ఆయన్ని చావుబతుకుల్లో ఒంటరిగా వదిలేసి తన దారిన తాను పోయిందన్న మాట ఇంగ్లండులోని ఆ డ్యూస్‌బరీ ఊళ్ళో ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ మాట పుట్టించింది ఆయన కూతురు రోసలిండ్. జానిస్ పనిచేసే ఏజెన్సీకి ఫిర్యాదు కూడా రాసింది.

జానిస్‌ది ఇళ్ళకు వెళ్ళి ముసలివాళ్ళ ఆలనాపాలనా చూసే పని. పన్నెండేళ్ళుగా అదే పని, ఒక్క మాట పడింది లేదు. ఆయన పోయిన రోజు ఉదయం తొమ్మిదింటికి వెళ్ళి పెద్దాయన మొహం తుడిచి, గడ్డం గీసి, పెదవులు తడిపింది. ఇక ఆసుపత్రి వద్దని డాక్టర్లు చెప్పేశారు. నర్సు పదకొండింటికి వస్తుంది. ఏజెన్సీ జానిస్‌కు ఇచ్చింది అరగంట. తొమ్మిదిన్నరకు కోటు అందుకుంటుంటే పెద్దాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"పోకమ్మా. కాసేపు కూర్చో."

"కూర్చుంటే మీ కెమెరా ఊరుకోదు కదా, హెప్‌వర్త్ గారూ!"

ఆయన నవ్వబోయి దగ్గాడు. ఆ ఫ్లాట్ల సంఘానికి పెద్ద ఆయనే. ఆయాల కార్లు ఎప్పుడు చూసినా అడ్డంగా ఉంటున్నాయని గేటు దగ్గర ప్రైవేటు కంపెనీ చేత కెమెరా పెట్టించింది కూడా ఆయనే. బయటివాళ్ళ కారు నలభై నిమిషాలు దాటి ఉంటే జరిమానా.

"నా పేరు చెప్పు, వదిలేస్తారు," అన్నాడు.

జానిస్ కూర్చుంది. చెయ్యి పట్టుకుని గంటసేపు కూర్చుంది. ఆయనకు నిద్ర పట్టింది, ఊపిరి నిమ్మళించింది. అవతల, తర్వాత వెళ్ళాల్సిన ఇంట్లో, ముసలావిడ మిసెస్ సగ్‌డెన్ తడిసిన పక్కలో ఎదురుచూస్తూ ఉంటుంది. పదిన్నరకు జానిస్ మెల్లగా వేళ్ళు విడిపించుకుని లేచింది. పదకొండింటికి నర్సు వచ్చేసరికి పెద్దాయన వెళ్ళిపోయాడు.

ఆ అరగంటకు జానిస్ తనను తాను ఎన్ని తిట్టుకోవాలో అన్నీ తిట్టుకుంది. కానీ జనం అంటున్నది అరగంట కాదు, గంటన్నర. గుమ్మంలో అంటించిన ఏజెన్సీ చీటీకి ఫోను చూపిస్తే ఆయా వచ్చినట్టు నమోదవుతుంది. అరగంట కాగానే ఆ లెక్క దానంతటదే మూసుకుంటుంది, నిమిషం ఎక్కువైనా ఏజెన్సీ జీతం ఇవ్వాల్సి వస్తుంది మరి! ఆ లెక్కన జానిస్ తొమ్మిదిన్నరకే వెళ్ళిపోయింది. మిసెస్ సగ్‌డెన్ గుమ్మంలో మళ్ళీ ఫోను చూపించింది పదీ యాభైకి.

"మధ్యలో ఎక్కడున్నారు?" అని అడిగింది మేనేజరు కెర్రీ, జానిస్ కూతురి వయసున్న పిల్ల.

"ఆయన పక్కనే."

"చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

చూసిన ఒక్కడూ పోయాడు. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదా ఏమిటి?

ఫిర్యాదు సంగతి తెలియకముందే జానిస్ రోసలిండ్‌కు సంతాపం కార్డు పంపింది. 'ఉండగలిగినంతసేపు ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను' అని రాసింది. దానికి జవాబు లేదు.

అలాంటి రోజుల్లో వచ్చింది కవరు. జానిస్ కారు సొంతం కాదు, నెలనెలా కట్టే లీజు కారు. పార్కింగ్ కంపెనీ నోటీసు ముందు లీజు కంపెనీకి పోయింది. వాళ్ళు 'ఈ కారు ఫలానా ఆవిడ దగ్గరుంది' అని చెప్పి, ఆ ఒక్క మాట చెప్పినందుకు ముప్పై ఆరు పౌన్లు ఆమె ఖాతాలోంచి లాక్కున్నారు. ఇప్పుడు పార్కింగ్ కంపెనీ నేరుగా ఆమెకే రాసింది. నలభై నిమిషాలు దాటినందుకు వంద పౌన్లు. జానిస్‌కు ఆ వంద తప్ప ఇంకేమీ కనబడలేదు. గబగబా పెన్ను తీసి 'నేనే కారు పెట్టాను, ఆయన పోతూ ఉన్నాడు' అని రాయడం మొదలుపెట్టింది. అప్పుడే అక్క మొగుడు క్లైవ్ వచ్చి కాగితం లాగేసుకున్నాడు.

"ఓసి పిచ్చి మరదలా! నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావే!"

"ఉన్న మాటే కదా, బావా, రాస్తున్నది."

"ఉన్న మాట ఎవడిక్కావాలి? వినవే. వీళ్ళు డబ్బు అడగాల్సింది కారు నడిపినవాణ్ణి. నడిపిందెవరో తెలియకపోతే లీజుకు తీసుకున్నవాళ్ళ మీద పడాలి. అలా పడాలంటే లీజు కాగితాల నకళ్ళు నోటీసుతోపాటు పంపి తీరాలి. పంపారా? లేదు. నడిపింది నేనేనని నువ్వు నోరు జారావా, ఇక నకళ్ళతో పనే లేదు. సూటిగా నీ మెడే పట్టుకుంటారు."

"అయితే నడిపింది నేను కాదని అబద్ధం రాయాలా?"

"కాదని ఎవరు రాయమన్నారు? అవునని రాయకు, అంతే. నేను ఇలాంటివి మూడు గెలిచా, తెలుసా!"

ఆ ఊళ్ళో క్లైవ్ లాంటివాళ్ళు వీధికొకరు. పబ్బులో బీరు గ్లాసు పట్టుకుని, నడిపిందెవరో మాత్రం చచ్చినా చెప్పకూడదని శాసనం చదివినట్టు చెబుతారు. నిజానికి వాళ్ళు చెప్పేది తప్పూ కాదు. గంటకు పన్నెండు పౌన్ల ఆయా దగ్గర వంద గుంజే కంపెనీకి నిజం చెప్పి ఉద్ధరించాల్సిన అవసరం ఎవరికుంది? క్లైవ్ ఉత్తరం రాశాడు, జానిస్ సంతకం పెట్టింది.

పదహారు రోజులకు జవాబొచ్చింది. నోటీసు రద్దు! క్లైవ్ తానే కోర్టు గెలిచినట్టు వేయించిన చేపలూ బంగాళాదుంపలూ పట్టుకొచ్చాడు. అతను వెళ్ళాక జానిస్ టీ పెట్టుకుని ఆ జవాబు తీరిగ్గా చదివింది. మొదటి పేరా దగ్గరే కప్పు కింద పెట్టేసింది. 'మీ వాహనం 8:58కి లోపలికి వచ్చి, 10:31కి బయటికి వెళ్ళింది.' ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు చెబితే బాగుండునని ఆమె ఏడ్చిన మాట అది. ముష్టి కెమెరా చూసింది!

వెంటనే క్లైవ్‌కు ఫోన్ చేసింది. "బావా, మొదటి నోటీసు ఏదీ? అందులో ఫోటోలున్నాయి కదా!"

"గెలిచిన కేసు కాగితాలు దాచుకుంటారా ఎవరైనా? చించేశా."

కంపెనీ వెబ్‌సైటులో చూస్తే, కేసు రద్దయింది కాబట్టి ఫోటోలు తీసేశారు. పోనీలే, కంపెనీ ముద్రతో ఉత్తరం ఉంది, అది చాలదా అనుకుంది. ఆ రాత్రి ఆరు వారాల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయింది.

ఫిర్యాదు విచారణ రోజు ఏజెన్సీ ఆఫీసులో బల్లకు అటు రోసలిండ్, ఇటు జానిస్, మధ్యలో కెర్రీ కూర్చున్నారు. రోసలిండ్ చిక్కిపోయింది. జానిస్ మాటలు పెంచలేదు, ఉత్తరం మాత్రం ముందుకు జరిపింది. కెర్రీ మొదటి పేరా పైకి చదివింది.

"పదీ ముప్పై ఒకటా?" అంది రోసలిండ్. "అప్పటిదాకా మీరు నాన్న దగ్గరే ఉన్నారా?"

"ఉన్నానమ్మా. నిద్రపోయారు. నిద్రపోయాకే లేచాను. లేవకుండా ఉండాల్సింది, ఆ తప్పు నాదే."

"నేను లీడ్స్‌లో రైలెక్కాను అప్పుడే. రైల్లో ఉన్నాను," అని రోసలిండ్ కళ్ళు తుడుచుకుంది. ఆమె చెయ్యి బల్ల మీద జానిస్ చేతికి జానెడు దూరంలో ఉంది. "ఆ ఉత్తరం నేనోసారి చూడొచ్చా?"

జానిస్ ఆనందంగా తలూపింది. ఉత్తరం చదువుతున్న రోసలిండ్ కళ్ళు మొదటి పేరా దాటి రెండోదాని మీద ఆగిపోయాయి. అక్కడినుంచి నెమ్మదిగా అందరికీ వినబడేలా చదివింది.

"'ఆ సమయంలో వాహనం ఎవరి చేతిలో ఉందో మాకు తెలియజేయడం లేదని, డ్రైవరు ఎవరన్నది నిర్ధారణ కాలేదని మీరు రాసిన ఉత్తరాన్ని అంగీకరించి ఈ నోటీసు రద్దు చేస్తున్నాము.'"

కెర్రీ ఉత్తరం తన వైపు తిప్పుకుంది.

"కారు నడిపిందెవరు, జానిస్?" అంది కెర్రీ.

"నేనే! ఇంకెవరు నడుపుతారు?"

"మరి చెప్పనని సంతకం పెట్టారుగా."

"అది వంద పౌన్ల కోసం... అలా రాయకపోతే ఓడిపోతామని..." జానిస్ ఉత్తరం వైపు చెయ్యి చాచింది. "ఆ ఉత్తరం నేను రాయలేదమ్మా. మా బావ రాశాడు. నేను సంతకం పెట్టానంతే."

"అంటే మీకు లాభముంటే ఒక మాట, లేకపోతే ఇంకో మాట," అంది రోసలిండ్. ఆమె చెయ్యి వెనక్కి వెళ్ళింది. కోపం కూడా లేదు ఆ గొంతులో. కోపమైనా ఉంటే జానిస్ తట్టుకునేది.

"ఒట్టు తల్లీ. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు, పోకమ్మా అన్నారు..."

రోసలిండ్ సంచి తెరిచి, చివరలు నలిగిన కార్డు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఇన్నాళ్ళూ పారెయ్యలేదు, సంచిలోనే పెట్టుకు తిరుగుతోంది. ఉండగలిగినంతసేపు ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను, అని జానిస్ చేతిరాత.

"ఇది కూడా మీ బావగారే రాశారా?" అని అడిగింది.