బావ బోర్డుల పేజీ

నూట నలభయ్యో ఫైలు సరిచేసి, అతను కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నీటి పంపులు తయారుచేసే ఆ కంపెనీలో పదిహేనేళ్ళుగా వెబ్‌సైట్ బాగోగులు చూడడమే అతని పని. అక్కడ అతన్ని పేరుతో పిలిచేవారు లేరు, అందరికీ ‘లింకుగారు’. నిన్న సర్వర్ మార్చేసరికి సైట్లో సగం పంపుల ఫొటోలు మాయమయ్యాయి. ఫొటో ఎక్కడుందో పేజీకి చెప్పే దారిని అతను పాత సర్వర్ నుంచి మొదలుపెట్టి పూర్తిగా రాసి ఉంచాడు. ఇప్పుడు ‘నీ పక్క ఫోల్డర్లో చూడు’ అన్నట్టు మారుస్తున్నాడు. అలా అయితే పేజీనీ ఫొటోలనీ కలిపి ఎక్కడికి మార్చినా ఇబ్బంది లేదు.

భోజనాల వేళకి అతని పాత కంప్యూటర్ని మూలకి జరిపి కొత్తది పెట్టారు. నెట్ వస్తోందో లేదో చూద్దామని, బావ కోసం తను చేసిన పేజీ తెరిచాడు.

బావ షాపులకి బోర్డులు రాసేవాడు. ఆయన కుంచె అక్షరం రంగు వెలిసినా వంపు చెడేది కాదు. ప్రింటు బోర్డులు వచ్చి వాటిని ఒక్కొక్కటే దింపేస్తుంటే, మిగిలిన ఇరవై మూడింటికీ ఇతను ఎండలో తిరిగి ఫొటోలు తీశాడు. నాలుగేళ్ళ కిందట ఆ పేజీ చేసి పెట్టాడు. ఇప్పుడు ఆ బోర్డుల్లో ఒక్కటీ లేదు.

తెర మీద షాపుల పేర్లున్నాయి. ఫొటో ఒక్కటీ లేదు.

కోడ్ చూశాడు. ప్రతి దారీ తన పాత కంప్యూటర్ డి డ్రైవ్ నుంచే మొదలైంది. ఇన్నాళ్ళూ అందులో ఉన్న కాపీనే తెరుచుకుని మురిసిపోయాడు. ఆ ఫొటోలు తనకి తప్ప ఇంకెవరికీ కనిపించలేదన్నమాట.

పేజీ చేసిన వారానికి బావ ఫోన్ చేసిన సంగతి గుర్తొచ్చింది.

“ఏరా, పేర్లొస్తున్నాయి గానీ బొమ్మలు రావట్లేదు.”

“నాకు శుభ్రంగా వస్తున్నాయి బావా. నీ ఫోనే పాతది, మార్చెయ్.”

“అంతేనంటావా... సర్లే.”

బావ కొత్త ఫోన్ కొన్నాడు. ఆ తర్వాత పేజీ సంగతి ఎప్పుడడిగినా “బ్రహ్మాండంరా” అనేవాడు.

పాత కంప్యూటర్లోంచి ఫొటోలు తెచ్చి, ఇరవై మూడు దారులూ మార్చడానికి అరగంట కూడా పట్టలేదు. నాలుగింటికి అక్కకి ఫోన్ చేశాడు.

“అక్కా, బావకివ్వు. బొమ్మలొస్తున్నాయని చెప్పాలి.”

“నీకే చేద్దామనుకుంటున్నాన్రా. అన్నం తిని పడుకున్నారు. టీ ఇద్దామని లేపితే లేవలేదు. డాక్టరుగారు ఇప్పుడే చూసి వెళ్ళారు.”

అతను వెళ్ళేసరికి వాకిట్లో చెప్పులు నిండిపోయి ఉన్నాయి. అక్క దిండు కిందనుంచి ఒక నోటుపుస్తకం తీసి ఇచ్చింది. “ఆ పేజీ తెరుచుకుని, పేర్లు చూసుకుంటూ రోజూ గీసేవారు. నీకు చెప్తానంటే వద్దన్నారు. వాడు కష్టపడి చేశాడు, నొచ్చుకుంటాడన్నారు.”

జ్ఞాపకం మీద గీసిన బోర్డులు, కాగితానికొకటి. చివరి కాగితం మీద సైకిల్ షాపు బోర్డు మొదలుపెట్టినట్టు ‘సై’ అన్న ఒక్క అక్షరమే ఉంది. పక్కన పుస్తకం మడతలో, కొత్తగా చెక్కిన ఎర్ర పెన్సిల్.