దొరసాని వీపు, శ్రీవారి వీపు

చిట్టి నిలబడి అన్నం తింటోంది. నిన్న ఆదివారం గుర్రపుస్వారీకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఆమెకూ కుర్చీలకూ పడటం లేదు.

"మనింట్లో కుర్చీలకి కరువొచ్చిందా అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"నిలబడి తింటే బాగా అరుగుతుందట అత్తయ్యా."

పక్కనే కూర్చున్న ఆమె మొగుడికి పొలమారింది.

పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. ఆ ఇంట్లో గదులు నాలుగే గానీ గోడగోడకీ చెవులున్నాయి. ఈ గదిలో దగ్గితే ఆ గదిలోంచి మామగారు మందు పేరు చెబుతారు. కొత్త దంపతులు గుసగుసలాడుకుంటుంటే, "కాస్త గట్టిగా చెప్పండి వదినా, సగమే వినపడుతోంది" అని ఆడపడుచు గోడ అవతల నుంచి బతిమాలుతుంది. అందుకే వాళ్లిద్దరికీ ఆదివారం పొద్దుటి అడవిదారంటే ప్రాణం. ఊరవతల బావగారికి గుర్రపుశాల ఉంది. వారమంతా స్వారీ నేర్పే గుర్రాల్లో రెండింటిని ఆ పూటకి తమ్ముడికి వదిలేస్తారు. చెట్ల నీడన, తొందరలేని నడకన, పక్కపక్కనే వెళ్తుంటే ఏం మాట్లాడుకున్నా వినేవి నాలుగు గుర్రపు చెవులే.

ఆ సుఖానికి అడ్డం పడింది పాత జీను. పేరుకి తోలే గానీ కూర్చుంటే పీటచెక్క. నిన్న సగం దారిలోనే చిట్టి చేతులెత్తేసింది. ఆ కబురు అత్తగారికి చేరనే చేరింది.

"వచ్చే ఆదివారం వాణ్ని వెళ్లనీ. నువ్వు నాతో మా అక్కయ్య వాళ్లింటికి రా. వాళ్ల సోఫాలు వెన్నముద్దలు."

చిట్టి గుండెల్లో రాయి పడింది. వెన్నముద్ద మీద కూర్చుని పెద్దమ్మగారి మోకాళ్ల నొప్పుల కథ వినడమా, మొగుడితో అడవిలో తిరగడమా! సాయంత్రమే అతన్ని జీనుల దుకాణానికి లాక్కెళ్లింది.

దుకాణదారు మూడు జీనులు తీసి పెట్టాడు. ఒకటి నల్లగా, సన్నగా, నిగనిగలాడుతోంది. రెండోది గోధుమరంగుది, వెనక అంచు కుర్చీ వీపులా కాస్త లేచి ఉంది. మూడోది బూడిదరంగుది, వెడల్పాటిది. ఎవరో రాత్రంతా పడుకుని లేచిన దిండులా ఉంది.

"మూడూ పట్టుకెళ్లండి. గుర్రం మీద వేసి చూసుకుని, నచ్చింది ఉంచుకుని, తక్కినవి శనివారానికల్లా తెచ్చిచ్చేయండి," అన్నాడు దుకాణదారు.

దారిలో చిట్టి మొగుడు గొంతు తగ్గించాడు. "అన్నయ్య ముందు వేసి చూశామంటే ఏడాదంతా వేళాకోళమే. ఇంట్లోనే తేల్చేద్దాం."

"ఇంట్లో గుర్రమేదండీ?"

"నువ్వు ఒకదాన్ని పెళ్లి చేసుకున్నావుగా!"

గది తలుపు దగ్గరగా వేసి అతను చాప మీద చేతులూ మోకాళ్లూ ఆన్చాడు. కళ్లజోళ్ల దుకాణంలో చూపు పరీక్ష చేయడం అతని ఉద్యోగం. అద్దాలు మార్చి మార్చి అడగడం నోటికి అలవాటైపోయింది.

"ఇది హాయిగా ఉందా, ఇందాకటిదా?"

"ఇందాకటిది."

"ఇప్పుడు?"

"రెండూ ఒకలాగే ఉన్నాయండీ."

"అందరూ ఇక్కడే తడబడతారు. కంగారు పడకు. మళ్లీ ఎక్కు."

నల్లది గుచ్చుకుంది. బూడిదరంగుది అతని బక్క వీపు మీద నిలవక పక్కకి జారి, చిట్టిని తీసుకెళ్లి మంచం మీద పడేసింది. గోధుమరంగుది మాత్రం కొలత తీసి కుట్టినట్టు అమరింది. చిట్టి జీనుకి వేలాడే రికాబుల్లో పాదాలు పెట్టి, "ఇదేనండీ! ఇదే!" అని కేరింతలు కొట్టింది.

సరిగ్గా అప్పుడు అత్తగారు మడతపెట్టిన బట్టలతో తలుపు తోసుకుని వచ్చారు. కొడుకుని చూశారు. కోడల్ని చూశారు. బట్టలు బల్ల మీద పెట్టి, తలుపు మళ్లీ దగ్గరగా వేసి వెళ్లిపోయారు.

"ఏమిటే ఆ చప్పుడు?" బయట మామగారి గొంతు.

"ఏం లేదు లెండి. మనింట్లో మామూలుగా జరిగేదే. వీళ్లు జీను కూడా తెచ్చుకున్నారు, అంతే."

శనివారం అతను బుద్ధిమంతుడిలా తక్కిన రెండు జీనులూ దుకాణంలో ఇచ్చేశాడు.

ఆదివారం పొద్దున బావగారు కొత్త జీనుని దొరసాని మీద వేశారు. దొరసాని చిట్టి ఎక్కే నెమ్మదైన ఆడగుర్రం. కానీ దాని వీపు పరుపు పరిచిన మంచమంత. జీను దాని మీద గోడెక్కిన పిల్లిలా కూర్చుంది. అంచులు నొక్కుకునేసరికి దొరసాని చెవులు వెనక్కి వాల్చి బావగారి చొక్కా పట్టుకు లాగింది.

"ఇది ఏ గుర్రానికి వేసి చూసి కొన్నార్రా?"

తమ్ముడు ఆకాశంలోకి చూశాడు. చిట్టి నేల చూపులు చూసింది.

"చెప్పరా!"

"నాకు."

బావగారు స్తంభం పట్టుకుని మరీ నవ్వారు. "అమ్మ చెబితే నమ్మలేదురా నేను!" కళ్లు తుడుచుకుని జీను దించేశారు. "ఇది వేస్తే దీని వీపు పుండైపోతుంది. ఇవాళ్టికి కుదరదమ్మా."

చిట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికెళ్తే అత్తగారు చెప్పులేసుకుని సిద్ధంగా ఉంటారు. దిక్కుతోచక అటూ ఇటూ చూస్తుంటే, పక్క కొట్టంలో తన మొగుడెక్కే గుర్రం బక్కోడు కనిపించాడు. వాడి వీపు చూసింది. మొగుడి వీపు చూసింది. మళ్లీ వాడి వీపు చూసింది.

"బావగారూ, బక్కోడికి వేసి చూద్దామా? అచ్చం మీ తమ్ముడి వీపేనండీ!"

వేశారు. బావగారు జీను కింద చెయ్యి పోనిచ్చి ముందూ వెనకా తడిమారు.

"ఔరా! అమరింది. కానీ వీడు తిండిపోతమ్మా. పొదపొదకీ ఆగుతాడు. ఎప్పటికి తిరిగొస్తారో నేను చెప్పలేను."

"ఫరవాలేదండీ!" చిట్టి అప్పటికే ఎక్కేసింది.

దొరసానీ, పీటచెక్క జీనూ మొగుడి వంతుకొచ్చాయి. బక్కోడు మాటకి కట్టుబడి మొదటి పొద దగ్గరే ఆగాడు, రెండో పొద దగ్గరా ఆగాడు. చిట్టికి ఉయ్యాల్లో కూర్చున్నట్టుంది. అతను మాత్రం ఎడమకి ఒరిగాడు, కుడికి ఒరిగాడు, రికాబుల మీద లేచి నిలబడ్డాడు.

"చిట్టీ, వెనక్కి తిరుగుదామా?"

"అప్పుడేనా?"

"పోయిన వారం నీ బాధేమిటో ఇప్పుడర్థమైంది."

"ఎక్కడర్థమైందండీ?"

"చెప్పుకోలేని చోట."

చిట్టి పగలబడి నవ్వింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

"దిగి నడవండి మరి. గుర్రం మీదే రావాలని ఎవరన్నారు?"

అతను దిగి, దొరసాని పగ్గం పట్టుకుని, చిట్టి మోకాలి పక్కన నడక సాగించాడు. నడక ఇంకా నెమ్మదించింది. ఇంట్లో గుసగుసగా కూడా అనలేని మాటొకటి చిట్టి అక్కడ గట్టిగా అనేసింది. చెట్టు మీది పిట్టలు లేచాయి. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకోసారి చెప్పు."

చెప్పబోతుండగా అతని జేబులో ఫోను మోగింది. బావగారు.

"ఎక్కడున్నార్రా? ఎంతసేపు?"

"వచ్చేస్తున్నాం అన్నయ్యా. బక్కోడే... మేత మానట్లేదు."

నిజానికి బక్కోడు కడుపు నిండి, తలెత్తి, ఇక బయల్దేరదామా అన్నట్టు చూస్తున్నాడు. చిట్టి చప్పుడు చెయ్యకుండా వంగి, అందిన లేత కొమ్మనొకదాన్ని లాగి వాడి మూతి దగ్గర పెట్టింది.