సోమ, బుధవారాల్లో మాత్రమే

చెక్ దేశంలో, బ్ర్నో నగరంలోని మా ఆఫీసులో ఆరుగురం కూర్చుని ప్యాకేజీ మేనేజరు అనే ప్రోగ్రాము రాస్తాం. లినక్స్ కంప్యూటర్లోకి ప్రోగ్రాములు ఎక్కించేదీ, వద్దన్నవి తీసేసేదీ అదే. ఒకదాన్ని తీస్తే దాని మీద ఆధారపడ్డవన్నీ పోతాయి. అందుకని పోయేవాటి జాబితా ముందే చూపిస్తుంది. ఆ జాబితా ఎవరూ చదవరు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

జనం చూడకుండా "సరే" నొక్కేస్తున్నారని, ప్రమాదకరమైన వాటికి ఒక వాక్యం టైపు చేయించే పద్ధతి పెట్టాను: "ఇవన్నీ పోతాయని నాకు తెలుసు, నా ఇష్టంతోనే తీసేస్తున్నాను." దాని గురించి నలుగురిలో గొప్పలు కూడా చెప్పుకున్నాను. నవంబరులో క్వాపిలోవా గారు దాన్ని టైపు చేశారు.

ఆవిడ ఇక్కడికి గంట దూరంలో ఒక చిన్న ఊళ్లో లైబ్రేరియన్. ఏదో పాత ఫాంటు తీసెయ్యబోతే దానితో పాటు క్యాటలాగు ప్రోగ్రామూ, అందులోని తొమ్మిది వేల పుస్తకాల వివరాలూ పోయాయి. చలికాలమంతా కూర్చుని, పుస్తకానికొకటి చొప్పున సొరుగుల్లో దాచిన పాత అట్టముక్కలు చూసుకుంటూ అన్నీ మళ్లీ ఎక్కించారు. ఆ తర్వాత మాకు ఉత్తరం రాశారు, కాగితం మీద, పోస్టులో. ఇంకొకసారి ఇలా జరిగితే మళ్లీ టైపు చేసే ఓపిక తనకు లేదనీ, కంప్యూటరు తిరిగి ఇచ్చేసి అట్టముక్కల సొరుగులతోనే రిటైరవుతాననీ అందులో ఉంది. సిగ్గుతో నాకు రెండు రోజులు తిండి సయించలేదు.

వాక్యాన్ని ఇంకా భయంకరంగా మార్చాను. తర్వాత ఏడ్చి లాభం లేదన్న ముక్క కూడా చేర్చి, ఆవిడనే పిలిపించి పరీక్ష పెట్టాను. కేకు తెచ్చారు. కళ్లజోడు పెట్టుకుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పరీక్ష కంప్యూటర్లోని క్యాటలాగు తుడిచిపెట్టుకుపోయింది.

అసలు చదివారా అండీ అని అడిగాను.

"చదవకుండా ఎలా రాస్తానండీ, ఇంజనీరు గారూ? ముప్పై ఏడేళ్లు సర్కారు ఉద్యోగం చేశాను. ఫారం మీద ఇక్కడ సంతకం పెట్టమంటే పెడతాం. పెట్టకూడదనుకుంటే ఫారం ఎందుకిస్తారు?"

నేను భయపెట్టేకొద్దీ అది ఆవిడకు ఇంకా పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలా కనిపించిందన్నమాట.

ఆవిడ వెళ్లాక కేకు తింటూ, ఈ దేశంలో మనిషి ఎక్కడ ఆగుతాడని ఒటకర్‌ను అడిగాను. మా ఆరుగురిలో పాతకాపు వాడే.

"కౌంటరు మూసుంటే ఆగుతాడ్రా. ఇంకెక్కడా ఆగడు" అన్నాడు, నోట్లో ముక్కతోనే.

వాడు నవ్వులాటకే అన్నాడు. నేను ఆ మధ్యాహ్నమే రాయడం మొదలుపెట్టాను. ప్రమాదకరమైన తీసివేతలకు పనివేళలు: సోమ, బుధవారాలు, ఎనిమిది నుంచి ఐదు దాకా. ఇక్కడ ఏ సర్కారు ఆఫీసైనా జనం కోసం కౌంటరు తెరిచే వేళలే. ఎప్పుడు అడిగినా ముందు అర్జీ మాత్రం తీసుకుంటుంది, జాబితా అచ్చేసి చేతికిస్తుంది, వచ్చే పనిరోజున రమ్మంటుంది. బెదిరింపూ లేదు, బతిమాలడమూ లేదు.

విడుదల చేశాక ప్రపంచం నలుమూలల నుంచీ తిట్లు వచ్చాయి. నాకు మతి పోయిందా అని అడిగినవాడే అందరిలోకీ మర్యాదస్తుడు. నెలాఖరులోగా ఒక్కరికైనా పనికొచ్చిందని చూపించకపోతే ఆ పద్ధతిని పీకేస్తానని మా బాసు చెప్పాడు. అది పోతే క్వాపిలోవా గారి ముందు మళ్లీ ఆ వాక్యమే ప్రత్యక్షమవుతుంది.

ఆఖరి వారంలో ఆవిడ ఉత్తరం వచ్చింది. శుక్రవారం ఏదో ప్రింటరు ప్రోగ్రాము తీసెయ్యబోతే, సోమవారం రమ్మందట. ఈ యంత్రం పద్ధతిగా మాట్లాడటం ఇదే మొదటిసారి అని రాశారు. శని, ఆదివారాల్లో ఆ జాబితాను వంటింటి బల్ల మీద పరుచుకుని, ఆఫీసుకు పట్టుకెళ్లే కాగితాలు సరిచూసుకున్నట్టు వరుసగా చదివారట. జాబితా కూడా జతచేశారు. పదిహేడో వరుసలో క్యాటలాగు. దాని కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు, పక్కన "వద్దు" అని.

అసలు ఉత్తరం ఎందుకు రాశారో చివర్లో ఉంది: "అర్జీ వెనక్కి తీసుకుందామని సోమవారం ఎనిమిదింటికల్లా కంప్యూటరు ముందు వచ్చి కూర్చున్నాను. మీ కౌంటరు ఎనిమిదీ రెండుకి తెరిచారు. ఇదేం బాగాలేదు."

ఉత్తరం తీసుకెళ్లి బాసు బల్ల మీద పెట్టాను. వెనక్కి వచ్చి, ఆ రెండు నిమిషాలు సరిచేశాను.