కట్టునాటి చాటింపు

ఆంజినప్ప శెనక్కాయ పొట్టు మంట మీద తప్పెటను ఇటూ అటూ తిప్పి కాచాడు. తోలు బిగిసిందో లేదో వేలితో తట్టి చూసుకుని, చంకకు తగిలించుకుని బయలుదేరాడు. మనిషి బక్కపలచన. మోకాళ్ల పైకి ఎగగట్టిన పంచె, ఎండకు నల్లబడి గీతలు పడిన మెడ. గొంతు మాత్రం మనిషికి మించింది. విడపనకల్లు చుట్టుపక్కల ఎదురుగాలికి కూడా వినబడే గొంతు తనదొక్కటేనని ఆయన నమ్మకం. ఊరి నమ్మకమూ అదే కాబట్టి, ఆయన ఎంత గొప్పలు పోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ రోజు ఊరికట్టు. పక్క పల్లెలో తట్టు పోసి ఇద్దరు పసిబిడ్డలు పోయారు. తట్టంటే అమ్మవారే. ఆమె ఇటు రాకుండా ముందురోజు మునిమాపున పొలిమేర చుట్టూ పసుపన్నం చల్లారు. తప్పెట కొడుతూ అందరికన్నా ముందు నడిచింది ఆంజినప్పే. ఇక ఆ పగలూ రాత్రీ గడిచి మర్నాడు పొద్దు పొడిచేదాకా పరాయివాళ్లు ఊళ్లో అడుగు పెట్టకూడదు, ఊరివాళ్లు పొలిమేర దాటకూడదు. ఆ మాట వీధివీధినా చాటుకుంటూ ఆయన పొలిమేర రాయి దగ్గరికి వచ్చేసరికి, అవతల నర్సు హేమలత నిలబడి ఉంది. భుజాన మంచుపెట్టె. కాపలావాళ్లు ఆమెను అక్కడే ఆపేశారు.

"తాతా, తట్టు రాకుండా సూది తెచ్చినాను. మంచు కరిగితే మందు పారబోయాల్సిందే. మళ్లీ ఈ ఊరికి వచ్చేది వచ్చే నెల. అప్పటిదాకా పక్క పల్లె తట్టు ఆగుతాదా?"

ఆంజినప్ప కూతురు రామక్క బిడ్డ గంగికి ఏడాది నిండబోతోంది. ఆ బిడ్డ మీద ఆయనకు ప్రాణం, ఆ బిడ్డ గురించే భయం.

పెద్దవాళ్లు పోతే ఊరంతా వినేలా తప్పెట కొట్టడం ఆయన పని. పసిబిడ్డ పోతే తప్పెట మోగదు. గుడ్డలో చుట్టుకుని ఇద్దరు మనుషులు తీసుకుపోతారు, అంతే. అలాంటి రోజున ఆయన చేతులకు ఏం చేయాలో తోచదు. ఆయన పెద్దకొడుకు ఈ తట్టుతోనే అలా చప్పుడు లేకుండా పోయాడు. తన నోటితో చాటిన చావులన్నీ మరిచిపోగలిగాడు కానీ, చాటకుండా మింగిన ఆ ఒక్కటీ ఇప్పటికీ గొంతుకు అడ్డం పడుతూనే ఉంది.

రాయి పక్కన నిలబడి తప్పెట అందుకున్నాడు. ఏం మునిగిందోనని ఊరు పరుగున వచ్చింది. కట్టుకు పెద్ద అయిన హనుమంతరాయుడు తలపాగా చుట్టుకుంటూ వచ్చాడు.

"ఏమప్పా ఆంజినప్పా, ఇప్పుడే కదా చాటిపోతివి? మళ్లీ ఏమొచ్చె?"

"నర్సమ్మ వచ్చింది సామీ. తట్టుకు సూది ఏస్తాదంట. పిల్లోళ్లను పిలుస్తాండా."

"కట్టు దినం ఆమె లోపలికి ఎట్లొస్తాది? రేపు రమ్మను."

"రేపటికి మంచు ఉండదు సామీ. ఆమె లోపలికి రాదు, మనం బయటికి పోము. ఆమె ఆడ నిలబడతాది, మనం ఈడ నిలబడదాం. బిడ్డ చెయ్యి ఒకటి అట్ల సాపితే సాలు."

"చెయ్యి దాటితే కట్టు దాటినట్లు కాదా?"

"అట్లయితే పొద్దున మీ కోడె ఈడ నిలబడి, మెడ సాపి అవతల గడ్డి మేసె. కట్టు దాటిన దండుగ దానికి ఏద్దామా, మీకు ఏద్దామా?"

జనం గొల్లున నవ్వారు. హనుమంతరాయుడు మీసం దువ్వుతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. సరేనన్నట్టు తలూపాడు. అయినా ఒక్క తల్లి కూడా కదల్లేదు. కట్టు ఒట్టి సాకు. అసలు సంగతి మారెక్క బయటపెట్టింది.

"సూది ఏస్తే అమ్మకు కోపమొస్తాదంట మామా. యాడనో సూది ఏసినాంకే బిడ్డకు జరమొచ్చినాదంట."

"జరం రావచ్చు. వారానికి అటూ ఇటూగా వస్తుంది, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. మాత్రలు ఇచ్చిపోతాను," అంది హేమలత.

ఆ నిజం విని తల్లులు బిడ్డలను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఆంజినప్ప తప్పెట కింద పెట్టేశాడు.

"అమ్మకు కోపమొస్తే ముందు నామీదే రావల్ల. నిన్న ఆమె కోసం ముందర నడిచింది నేను. రామక్కా, బిడ్డను ఇట్లియ్యి."

"నాయనా, ఏమన్నా అయితే?"

"అయితే నన్ను అడుగు. నీ అన్న పోయినప్పుడు అడిగేకి నాకు ఎవురూ లేకపాయె."

రామక్క బిడ్డను అందించింది. ఆయన రాయికి కాళ్లు ఆనించి, గంగిని ఎత్తి పట్టుకుని, చిన్న చెయ్యిని అవతలికి చాపాడు. అమ్మవారు ఏమీ అనలేదు. గంగి మాత్రం తాత గొంతుకు వారసురాలు తానేనని ఊరందరికీ తెలిసేలా ఏడ్చింది.

ఆ తర్వాత హనుమంతరాయుడి కోడలు వచ్చింది. ఆమె వెనక మారెక్క. మధ్యాహ్నం దాకా ఆ రాయి మీదుగా చేతులు చాచుతూనే ఉన్నారు. ఒక్కో బిడ్డకూ ఆంజినప్ప పెళ్లి దరువు వేశాడు. సగం మంది దరువు వింటూ ఏడుపు మరిచిపోయారు. రెండిళ్లవాళ్లు తలుపు తీయలేదు. వాళ్ల వాకిట నిలబడి ఆయన ఇంకోసారి చాటాడు, అయినా తీయలేదు.

వారానికి గంగికి జరం వచ్చింది. ఆంజినప్ప పనికి పోకుండా బిడ్డ పక్కనే కూర్చున్నాడు. అంత గొంతూ ఎక్కడికి పోయిందో, ఇంట్లో మాటే వినబడలేదు. రామక్క నాయన వైపు చూసేది కానీ అడగలేదు. మూడోనాటి పొద్దున పిల్ల లేచి రాగిసంకటి కోసం మారాం చేసింది. ఆయన వాకిట్లోకి పోయి, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

ఆ ఎండాకాలం తట్టు ఊళ్లోకి రానే వచ్చింది. తలుపు తీయని ఇంట్లో ఒక బిడ్డను నెల రోజులు మంచాన పడేసి వదిలింది. ఊళ్లో పసిబిడ్డలెవరూ పోలేదు.

తొలి వానలు పడ్డాక ఒకరోజు ఆంజినప్ప నిద్రలోనే పోయాడు. ఆ చావు చాటడానికి ఊళ్లో మనిషి లేడు. రామక్క ఏడుపు విని పక్కింటివాళ్లు వచ్చారు, వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు, అలా ఊరంతా తనంతట తానే వచ్చింది. గంగిని ఎవరో ఎత్తుకున్నారు.

దినాలయ్యాక రామక్క నాయన రేకుపెట్టె తెరిచింది. పాత పంచెల అడుగున, కాగితంలో చుట్టిన ఎర్ర పావడ ఒకటి ఉంది. ఉరవకొండ సంతలో ఎప్పుడు కొన్నాడో, ఎవరికీ చెప్పలేదు. ఆమె దాన్ని గంగి నడుముకు ఆనించి చూసింది. బడికి పోయే పిల్ల కొలత అది. పాదాలు దాటి, కొత్త మడతలతో నేల మీద కుప్పగా పరుచుకుంది.