నాన్న జేబులో పసుపు ఇటుక

శనివారం పొద్దున డోర్తె రొట్టెల అంగట్లో వేడి బన్నులు కొనుక్కుని, పోస్టాఫీసు కిటికీలోంచి లోపలికి దిగి పార్సిలు తీసుకుని, మళ్లీ కిటికీ ఎక్కి బయటపడింది. ఆ పోస్టాఫీసుకి తలుపు లేదు. ఆ ఊళ్లో పిల్లలు తమ మొదటి బొమ్మ ఇటుకల పెట్టెతో ఏది కడితే, తెల్లారేసరికి అది ఊళ్లో నిజంగానే లేచి నిలబడేది. పోస్టాఫీసు కట్టినవాడు బెంట్. అతను ఇప్పుడు తాతయ్యాడు. తలుపున్న పెట్టె కొనలేకపోయావా అని వాళ్లమ్మని మాత్రం ఆవిడ పోయేదాకా ఊరు దెప్పుతూనే ఉంది.

రేపు డోర్తె కొడుకు ఎస్కిల్‌కి రెండేళ్లు నిండుతాయి. ఎల్లుండి నుంచి ఎదుటి దీవికి రోజూ తిరిగే పడవ ఉండదు. వాడి నాన్న ఆస్గెర్ పని ఆ దీవిలోని పాలకేంద్రంలోనే. ఇక అక్కడే గది తీసుకుని, ఎవరైనా పడవ ఎక్కించుకున్నప్పుడే ఇంటికి రావాలి. అందుకే డోర్తె వంతెన బొమ్మ ఉన్న పెట్టె కోసం బొమ్మల కొట్టుకి దాదాపు పరిగెత్తింది.

పెట్టె దొరికింది. మూత తీయించి, తన సంచీలోంచి అట్టగొట్టం తీసింది. మరుగుదొడ్డి కాగితం చుట్టి వచ్చే గొట్టం అది. పిల్లాడి గొంతులో అడ్డుపడుతుందని, దాంట్లోంచి జారిపోయే వస్తువేదీ ఆమె ఇంట్లో అడుగుపెట్టనివ్వదు. వంతెన ముక్కలన్నీ చినుకుల్లా జారిపోయాయి.

"ఒక్క రోజే కదా, నేను పక్కనే కూర్చుంటాను," అంది డోర్తె.

కొట్టు నడిపే ఆగ్నెతె మామ్మ నవ్వింది. "వాడికి ద్రాక్షపండు కూడా ముక్కలు కోసి పెట్టేదానివి, నువ్వా? ఇది ఆరేళ్లవాళ్లది అమ్మాయ్. చివరికి నువ్వే కడతావు. నువ్వు కడితే లేస్తుందా?"

లేవదు. పెద్దవాళ్ల చెయ్యి పడితే బొమ్మ బొమ్మగానే ఉండిపోతుంది.

మామ్మ పై అరలోంచి ఇంకో పెట్టె దింపింది. పిడికిలంత లావు ఇటుకలు, కాసినే. మూత మీద ఏ బొమ్మా లేదు. నొక్కితే అతుక్కుంటున్నాయి, లాగితే వచ్చేస్తున్నాయి. గొట్టంలో ఒక్కటీ దూరలేదు.

"ఏం కట్టాలో పెట్టె చెప్పకూడదు," అంది మామ్మ.

డోర్తె వంతెన పెట్టెకేసి చూసి చూసి, కళ్లు తుడుచుకుని, లావు ఇటుకలే కొంది.

మర్నాడు కేకు చుట్టూ చిన్న జెండాలు గుచ్చారు. ఎస్కిల్ ఇటుకలు చూసి కెవ్వున కేక పెట్టి, అన్నీ నేల మీద కుమ్మరించాడు. ఇల్లూ కట్టలేదు, గోపురమూ కట్టలేదు. ఒకదానికొకటి తగిలించుకుంటూ, బల్ల కింద పాక్కుంటూ, నాన్న కుర్చీ దాకా బారుగా పరిచాడు. డోర్తె చేతులు వెనక్కి కట్టుకుని చూసింది.

ఆస్గెర్ చివరి పడవకి లేచాడు. ఎస్కిల్ వెంటనే బారు మధ్యలోంచి పసుపు ఇటుక ఒకటి పీకి నాన్న కోటు జేబులో కుక్కాడు.

"ఇదెందుకురా నాకు?"

"నాన్నది," అన్నాడు ఎస్కిల్.

డోర్తె ఇటుక తీసి మళ్లీ బారులో పెట్టెయ్యాలని చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

తెల్లారేసరికి ఊరంతా రేవులో ఉంది. ఎరుపు, నీలం, పసుపు ఇటుకలు దీవి దాకా బారులు తీరి తళతళలాడుతున్నాయి. నడి నీళ్లలో మాత్రం ఒక్క ఇటుక పట్టేంత ఖాళీ.

"హమ్మయ్య, నాకు తోడు దొరికాడు," అన్నాడు బెంట్ తాత.

అవతలి నుంచి ఆస్గెర్ వస్తున్నాడు. కోటు ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఖాళీ దగ్గర ఆగి, జేబులోంచి పడవంత పసుపు ఇటుకని లాగి లాగి బయటికి తీసి, వంగి బలంగా నొక్కాడు. టక్కుమన్న చప్పుడు రేవు దాకా వినిపించింది.

ఎస్కిల్ అప్పటికే నాన్నకి ఎదురు పరిగెడుతున్నాడు. వంతెనకి పిట్టగోడ లేదే అని గోల పెడుతూ, నవ్వుతూ, వాడి వెనకే డోర్తె.